బిళ్ళ గన్నేరు ఆకులు షుగర్‌కి పనిచేస్తాయా?

పెరటితోట:
పరగడుపున బిళ్ళ గన్నేరు ఆకులు నమిలితే షుగర్ తగ్గుతుందని ఎవరో చెప్పారట, మా అత్తయ్య మొదలుపెట్టేశారు. డాక్టరు రాసిన మాత్రలూ వేసుకుంటున్నారు. రెండూ కలిపి వాడొచ్చా?

కమలాక్షి:
నిక్షేపంగా వాడొచ్చు. నేను వాడుతున్నాను. అందానికి పెంచే పూల మొక్కే కదా అని తీసిపారెయ్యకండి, క్యాన్సర్ మందే దాన్నుంచి వస్తోంది.

శీను_మందులషాపు:
క్యాన్సర్ మందు వచ్చింది కాబట్టి షుగర్‌కీ పనిచేస్తుందని ఎలా తేలిందండీ? 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకుని పరీక్షించింది షుగర్ కోసమే. జమైకాలో దీని కషాయం షుగర్‌కి తాగేవాళ్ళు, ఆకులు అక్కణ్ణుంచే వచ్చాయి. ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే షుగర్ తగ్గలేదు. రక్తంలోకి ఎక్కిస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. తెల్లకణాలని ఇంతలా తగ్గిస్తే బ్లడ్ క్యాన్సర్‌కి పనికొస్తుందేమోనని అటు మళ్ళారు. అంటే ఈ ఆకు రాసిన పరీక్షలో తప్పి, రాయని పరీక్షలో పాసైంది.

కమలాక్షి:
మందు ఈ మొక్క నుంచే వచ్చిందని ఒప్పుకున్నట్టేగా?

శీను_మందులషాపు:
అది ఎవరు కాదన్నారు? నేను చెప్పేది వేరు.

కమలాక్షి:
ఒప్పుకున్నారు, చాలు.

వానచినుకు:
మా ఇంట్లో గులాబీ రంగుది ఉంది. తెల్ల పూలదే పనిచేస్తుందా?

గుడ్లగూబ:
రంగు సంగతి తర్వాత. ముందు అది బిళ్ళ గన్నేరో మామూలు గన్నేరో చూసుకోండి. గన్నేరాకు నమిలితే గుండె మీదికి వస్తుంది.

రాగిచెంబు:
కుందేళ్ళకి పచ్చి ఆకు రసం పట్టిస్తే షుగర్ తగ్గిందని 2003లో పరిశోధన పేపర్ వచ్చింది. శీను గారు ఎలుకల దగ్గరే ఆగిపోయారు.

శీను_మందులషాపు:
చదివాను. మనుషుల మీద సరైన ట్రయల్ చూపించండి, ఇవాళే కుండీలో నాటుతా. ఈ మొక్కలో ఆల్కలాయిడ్లనే ఘాటైన రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. వాటిలో క్యాన్సర్ మందులుగా వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అయితే కణం రెండుగా విడిపోకుండా ఆపేస్తాయి. అందుకే డోసు లెక్కకట్టి నరంలోకే ఎక్కిస్తారు. విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణమే పోతుంది. అలాంటి మొక్కని గుప్పెళ్ళకొద్దీ నమలమంటారా?

కమలాక్షి:
గుప్పెళ్ళు అని ఎవరన్నారు? నాలుగు లేతాకులు. 1 గ్రాము విన్‌బ్లాస్టిన్ తియ్యాలంటే సుమారు 500 కిలోల ఎండాకు కావాలట. బెదిరించే ముందు లెక్క చూసుకోండి.

శీను_మందులషాపు:
అందులో ఏమీ లేదని మీరే అంటారు, అది మందని కూడా మీరే అంటారు. ఏదో ఒకటి తేల్చుకోండి.

రాగిచెంబు:
క్యాన్సర్ మీద పనిచేసేదీ షుగర్ తగ్గించేదీ ఒకటే పదార్థమని ఎక్కడుంది?

శీను_మందులషాపు:
వేరే కావచ్చు. లేతాకులో ఎంత, ముదురాకులో ఎంత, మీ కుండీలో ఎంత? మాత్ర మీదైతే మిల్లీగ్రాములు రాసుంటాయి.

కమలాక్షి:
జనం ఆకులు నమిలితే మీ గల్లాపెట్టెకి నష్టం. అది చెప్పండి ముందు.

శీను_మందులషాపు:
గల్లాపెట్టె గురించి మాట్లాడకండి. మా నాన్న మాత్రలతో పాటు ఇవే ఆకులు నమిలేవాడు, ఇంట్లో ఎవరికీ తెలీకుండా. ఓ తెల్లవారుజామున చొక్కా తడిసిపోయేలా చెమటలు, చేతులు వణుకు, నన్ను పట్టుకుని ఎవరు నువ్వు అన్నాడు. షుగర్ పడిపోయింది. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కిస్తే మనిషయ్యాడు.

కమలాక్షి:
అయితే ఆకు షుగర్ తగ్గించిందన్నమాట! ఇంతసేపూ తగ్గించదన్నారుగా?

శీను_మందులషాపు:
మా నాన్న చావు తప్పించుకున్నాడంటే మీకు పాయింటు దొరికింది. ఆకు వల్లో, ముందురోజు రాత్రి తినకుండా మాత్ర వేసుకోవడం వల్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఆకుల సంగతి డాక్టరుకి తెలీదు, ఆయన డోసు పెంచాడు. మీరు నమలండి, మానండి. మీ డాక్టరుకి చెప్పారా లేదా?

కమలాక్షి:
లేదు. ఇంతకుముందు షుగర్‌కి వాడే పొడపత్రి ఆకు గురించి అడిగితే, “అన్నీ మీకే తెలిస్తే నా దగ్గరికెందుకు వచ్చారు” అన్నాడు, రాసే కాగితం మీంచి తలెత్తకుండానే. వెనకాల లైన్లో వాళ్ళు నవ్వారు. డబ్బులిచ్చి మరీ తిట్లు తినమంటారా?

గుడ్లగూబ:
ఇదీ అసలు గొడవ.

శీను_మందులషాపు:
అలా అనడం ఆయన తప్పే. ఇంకో డాక్టరుకి చూపించుకోండి. దాచి మాత్రం నమలకండి.

కమలాక్షి:
అందరూ అలాగే మాట్లాడతారు. మీరు కౌంటరు అవతల ఉంటారు కాబట్టి మీకు తెలీదు.

పెరటితోట:
అత్తయ్యని అడిగాను, ఆవిడా డాక్టరుకి చెప్పలేదట. ఈసారి చెకప్‌కి నేనే వెంట వెళ్తాను. అప్పటిదాకా ఆకులు ఆపమంటే, “మాత్రలు ఆపేస్తాలే” అంటున్నారు!

కమలాక్షి:
మాత్రలు ఆపొద్దని చెప్పండి. నేనూ ఆపలేదు.