స్పిన్‌లో టబ్ బాడీకి కొట్టుకుంటోంది, మోటారు మార్చాలా?

ప్రశ్న: 6.5 కిలోల టాప్ లోడ్ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్, ఏడేళ్లుగా వాడుతున్నాం. ఉతకడం, జాడించడం బాగానే ఉంది. స్పిన్ మొదలవగానే టబ్ ధడధడా బాడీకి కొట్టుకుని ఆగిపోతుంది, మళ్లీ నీళ్లు పట్టుకుంటుంది. రెండు మూడుసార్లు ఇలా చేసి చివరికి యూఈ అని చూపిస్తుంది. మోటారు పోయిందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా అండీ?

జవాబు: మోటారు పోతే టబ్ తిరగదండీ, ఊగదు. యూఈ అంటే బరువు ఒకపక్కకు చేరిందని. మళ్లీ నీళ్లు పట్టుకునేది కూడా బట్టల్ని సర్దుకోవడానికే. ముందు బట్టల్లేకుండా ఒట్టి స్పిన్ పెట్టి చూడండి. నిశ్శబ్దంగా తిరిగితే లోపం బట్టలు వేసే తీరులో ఉంది. ఒక్క బరువైన దుప్పటి వేస్తే తడిసి ఒకపక్క ముద్దవుతుంది, దానికి ఎదురుగా రెండు తువ్వాళ్లు వేయాలి.

తర్వాత కాళ్లు చూడండి. మన వాష్ ఏరియాల్లో నేల తూము వైపు వాటంగా ఉంటుంది, చాలా ఇళ్లలో తప్పు అక్కడే. మూత మూసి పైన రసమట్టం అడ్డంగా, నిలువుగా పెట్టి చూసి కాళ్లు తిప్పండి. ఎదురెదురు మూలలు నొక్కినప్పుడు మెషిన్ కదలకూడదు. కుదిరాక లాక్ నట్ పైకి బిగించడం మర్చిపోవద్దు, లేకపోతే పది ఉతుకులకే కాలు మళ్లీ జారుతుంది. చక్రాల స్టాండు ఉంటే తీసేయండి.

ప్రశ్న అడిగినవారు: కాళ్లు సరిచేశాను. ఒట్టి స్పిన్‌లోనూ కాస్త ఊగుతోంది. టబ్‌ని చేత్తో నొక్కి వదిలితే నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఆడుతోంది.

జవాబు: అయితే సస్పెన్షన్ రాడ్లే. మంచివైతే ఒకసారి లేచి కుదురుకుంటుంది. టబ్ నాలుగు మూలలా నాలుగు రాడ్ల మీద వేలాడుతుంది. ప్రతి రాడ్ అడుగున స్ప్రింగు, దానికో ప్లాస్టిక్ గిన్నె, అందులో గ్రీజు ఉంటాయి. గ్రీజు ఎండి గిన్నె అరిగితే ఊపును ఆపేది ఉండదు, స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. ఎండిన గిన్నెలో కొత్త గ్రీజు పూస్తే కొన్నాళ్లు నడుస్తుంది కానీ నేను సలహా ఇవ్వను.

నాలుగూ ఒకేసారి మార్చండి. ఒక్కటే మారిస్తే పాత మూడు కుంగి ఉంటాయి, టబ్ వాలిపోతుంది. మోడల్ నంబరు చెప్పి కొనండి. పాత రాడ్ పక్కన పెట్టి పొడవు కొలవండి, ఒక్క సెంటీమీటరు తేడా ఉన్నా వద్దు. కొన్నిటిలో ముందు, వెనక రాడ్లు వేరు, రంగు గుర్తు చూసుకోవాలి.

ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, పైకప్పు స్క్రూలు విప్పండి. ఒకరు టబ్‌ని కాస్త పైకెత్తి పట్టుకుంటే, ఇంకొకరు రాడ్ తలని మూల గూడులోంచి తప్పించి కిందకి లాగాలి. ఒకటి తీసి ఒకటి పెట్టాకే రెండోది ముట్టుకోండి, నాలుగూ ఒకేసారి తీస్తే టబ్ కిందపడి గొట్టాలు తెగుతాయి. రేకు అంచులు కోసుకుంటాయి, చేతికి గ్లవ్స్ వేసుకోండి.

ఇంకొక జవాబు: రాడ్లు మార్చాకా ఊగితే బ్యాలెన్స్ రింగ్ చూడండి. టబ్ పైఅంచున ఉండే ప్లాస్టిక్ చక్రమే అది, లోపల ఉప్పునీళ్లుంటాయి. చేత్తో మెల్లగా తిప్పి చెవి పెడితే నీళ్లు కదిలే చప్పుడు వినిపించాలి. వినిపించకపోయినా, అంచున తెల్లటి ఉప్పు పేరుకున్నా చిట్లిందని అర్థం. అతికిస్తే నిలవదు, కొత్తది వేయాల్సిందే.

రెయిన్‌కోటు, నీళ్లు దిగని మంచం కవరు మాత్రం స్పిన్‌లో వేయకండి. లోపల నీళ్లు సంచిలా నిలిచి, వేగం అందుకున్నాక ఒక్కసారిగా బరువు మారుతుంది. అప్పుడు కొత్త రాడ్లయినా ఆపలేవు.