అమ్మకు పక్షవాతం, నాకు ఇంటర్ రెండో ఏడాది. కాలేజీ మానకుండా ఎలా చూసుకోవాలి?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని, పల్నాడు జిల్లా):

అందరికీ నమస్తే. నేను బైపీసీ రెండో ఏడాది. జూలైలో అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగ్గా రావట్లేదు. నాన్న లారీ మీద వెళ్తే వారం దాకా ఇంటికి రారు. తమ్ముడు ఎనిమిదో తరగతి. స్నానం, అన్నం తినిపించడం, రాత్రి పక్క మార్చడం అన్నీ నేనే. కాలేజీకి వారంలో సగం రోజులు కూడా పోలేకపోతున్నాను. మేనత్త వాళ్ళేమో "ఈ ఏడాది మానెయ్, చదువు ఎక్కడికీ పోదు" అంటున్నారు. నాకు అమ్మని వదలాలని లేదు, చదువు మానాలని కూడా లేదు. అమ్మని లేపేటప్పుడు నడుం పట్టేస్తోంది. డబ్బులేమో అమ్మ ఖాతాలో ఉన్నాయి, అమ్మ సంతకం పెట్టలేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు (రిటైర్డ్ జూనియర్ లెక్చరర్):

అమ్మా, ముందు ఒక్క మాట. టీసీ మాత్రం తీసుకోవద్దు. రోల్స్‌లో పేరుంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. అమ్మ డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు జత చేసి ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ రాసి ఇవ్వు, ఇంకో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకొని దాచుకో. హాజరు 75 శాతం ఉండాలి. తగ్గితే కారణం చూపించి కండోనేషన్ ఫీజు (హాజరు తగ్గినా పరీక్షకు అనుమతించేందుకు కట్టే రుసుము) కట్టే వీలుంది కానీ, దానికీ ఒక కింది హద్దు ఉంటుంది. అందుకని నీ శాతం ఎంతుందో ఈ వారమే కనుక్కో. రోజంతా కుదరకపోతే ప్రాక్టికల్స్ ఉన్న రోజులు అస్సలు పోగొట్టుకోకు, సాయంత్రం స్టడీ అవర్స్ మినహాయించమని అడుగు. ఒకటీ అరా పేపర్లు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో అదే ఏడాది రాసుకోవచ్చు. ఏడాది మానేసి మళ్ళీ వచ్చిన పిల్లల్ని నేను చాలా తక్కువమందిని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జవాబు (ఫిజియోథెరపిస్టు):

చెల్లెమ్మా, నీ నడుం ముందు. అమ్మని చంకల కింద చేతులు వేసి ఎత్తొద్దు. పడిపోయిన కుడి చెయ్యి పట్టుకొని లాగడం అసలు వద్దు, భుజం కీలు జారుతుంది. కుర్చీని అమ్మకు బాగున్న ఎడమవైపు, మంచానికి ఆనించి పెట్టు. ముందు అమ్మని మంచం అంచున కూర్చోబెట్టు, పాదాలు నేలకు ఆనాలి. నువ్వు ఎదురుగా నిలబడి మోకాళ్ళు వంచు, నడుం వంచకు. అమ్మ ముందుకు వంగాక ఇద్దరూ ఒకేసారి లేచి కుర్చీ వైపు తిరగాలి. మంచంలో పైకి జరపాలంటే నడుం కింద మడత దుప్పటి వేసి, అటొకరు ఇటొకరు పట్టుకొని జరపండి. ఒక్కదానివే చేసే పని కాదది, తమ్ముడు ఉండాలి.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిరుదులు, మడమలు, నడుం కింది ఎముక దగ్గర రోజూ చూడు. ఎర్రగా కమిలి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దొద్దు, బరువు పడనివ్వొద్దు.

జవాబు (బ్యాంకు ఉద్యోగి):

డబ్బు సంగతికి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఖాతాదారు జబ్బుతో సంతకం పెట్టలేకపోతే వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. అమ్మ బ్యాంకుకు రాలేరని మేనేజర్‌కు రాసివ్వండి. నాన్నగారు ఊళ్ళో ఉన్న రోజు చూసుకొని వెళ్ళండి, మైనర్ పిల్ల ఒక్కతే వెళ్తే పని సాగదు. ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పకండి, చుట్టాలకైనా సరే.

జవాబు (అంగన్‌వాడీ సూపర్‌వైజర్):

తల్లీ, రెండు దరఖాస్తులు ఉన్నాయి. ఒకటి ఎన్టీఆర్ భరోసా పెన్షన్. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయలు, మామూలు వికలాంగ పెన్షన్ 6,000. దీనికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం కావాలి. పక్షవాతం వచ్చిన ఆరు నెలలు దాటాకే సాధారణంగా వైకల్యం లెక్క కడతారు, అంటే మీకు జనవరి తర్వాత. ఆ పరీక్షకు స్లాట్ ఎప్పుడు ఇస్తారో, కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ఇప్పుడే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగి పెట్టుకోండి. ఆ డబ్బు వచ్చాక అందులోంచి కొంత ఇచ్చి, నువ్వు కాలేజీలో ఉన్నంతసేపు అమ్మ దగ్గర ఒక మనిషిని పెట్టుకోవచ్చు. అమ్మ కోసం ఇచ్చే డబ్బు అమ్మ సంరక్షణకే కదా వాడుతున్నాం, అందులో బాధపడాల్సింది లేదు.

రెండోది చాలామందికి తెలియనే తెలియదు. మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, 18 ఏళ్ళు నిండేదాకా. తల్లిదండ్రులు జబ్బుపడి పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్నా అడగొచ్చు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, నాన్న సంపాదనను బట్టి కమిటీ తేలుస్తుంది. నీకు త్వరలో 18 వస్తే తమ్ముడి పేరు మీదైనా పెట్టు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఆధార్, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధృవపత్రం, అమ్మ ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్ళండి. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చెయ్యి.

జవాబు (నర్సింగ్ విద్యార్థిని, ఒకప్పుడు నాన్నని చూసుకున్నాను):

తమ్ముణ్ణి మగపిల్లాడని పక్కన పెట్టొద్దు చెల్లీ. రాత్రి పదింటికి పక్క మార్చడం, పొద్దున నీళ్ళు పట్టడం, మందులు టైముకి ఇవ్వడం వాడి పని అని తేల్చి చెప్పు. పదమూడేళ్ళ పిల్లాడు చక్కగా చేస్తాడు, అమ్మకు తనూ చేశానన్న తృప్తి వాడికీ కావాలి. చదువు మానమన్న మేనత్తని మొహమాటపడకుండా, "పొద్దున నువ్వు రెండు గంటలు కూర్చో అత్తా, నేను క్లాసులకు వెళ్ళొస్తా" అని అడుగు. దగ్గరి ట్రిప్పులు కొన్నాళ్ళు దొరుకుతాయేమో నాన్నని కనుక్కోమను. అమ్మ మీద విసుగొచ్చిన రోజు నువ్వు చెడ్డదానివి అనుకోకు, నిద్ర లేని ఒంటికి అలాగే ఉంటుంది. రాత్రిపూట గుండెల్లో బరువుగా ఉంటే 14416కి చెయ్యి. టెలిమానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నీలాంటి పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఎవరూ అడగరు గనక ఎవరికీ కనపడరు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:

అందరికీ చాలా థాంక్స్. నాన్న శనివారం వస్తున్నారు, బ్యాంకుకు వెళ్తాం. ప్రిన్సిపాల్‌కు రేపే అర్జీ ఇస్తాను. ఇంకో సందేహం. పల్చటి రాగి జావ తాగేటప్పుడు అమ్మకు పొలమారుతోంది. నీళ్ళకు కూడా అంతే. ఏం చెయ్యాలి?

జవాబు (ఫిజియోథెరపిస్టు):

ఇది వాయిదా వేసే విషయం కాదు. మింగే కండరాలు బలహీనపడితే తాగింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. పడుకోబెట్టి ఏమీ పట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక గుటక దిగాకే రెండోది. జావ చిక్కగా కాచు. తిన్న తర్వాత అరగంట కూర్చోబెట్టే ఉంచు. పొలమారితే వెంటనే ఆపెయ్. ఆసుపత్రిలో చూపించేటప్పుడు మింగడం పరీక్ష చెయ్యమని నువ్వే అడుగు. ఈలోగా జ్వరం వచ్చినా, ఊపిరి ఎగపోస్తున్నా 108కి ఫోన్ చెయ్యి.