జాన్ గిల్బర్ట్ పతనానికి నిజంగా గొంతే కారణమా?

ప్రశ్న: వెండితెర పాఠకుడు

మూకీల చివరి రోజుల హాలీవుడ్ గురించి ఏ వ్యాసం చదివినా జాన్ గిల్బర్ట్ కథ ఒకే తీరుగా కనిపిస్తుంది. 1920లలో ఎం.జి.ఎం. సంస్థలో అగ్రశ్రేణి కథానాయకుడిగా వెలిగిన ఆయన 1929లో ‘హిజ్ గ్లోరియస్ నైట్’ అనే టాకీలో నోరు విప్పగానే, ఆ కీచుగొంతు విని ప్రేక్షకులు పగలబడి నవ్వారనీ, ఆ నవ్వుతోనే ఆయన నటజీవితం ముగిసిందనీ అంటారు. ఇన్నాళ్లూ నేనూ అదే నమ్మాను.

ఈమధ్య 1933 నాటి ‘క్వీన్ క్రిస్టినా’ చూశాను. అందులో ఆయన స్పెయిన్ రాయబారిగా స్వీడిష్ నటి గ్రెటా గార్బో సరసన నటించారు. మంచులో చిక్కుకుపోయిన సత్రంలో ఇద్దరూ మాట్లాడుకునే ఘట్టాన్ని, కేవలం గొంతు కోసమే, కళ్లు మూసుకుని మరోసారి విన్నాను. మరీ గంభీరమైన గొంతు కాకపోవచ్చు గానీ, కీచుదనం మచ్చుకైనా లేదు. మరి ప్రేక్షకులు నవ్వారన్నది అబద్ధమా? స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ పగబట్టి రికార్డింగులో ఆ గొంతును పాడుచేయించాడన్న మాటలో నిజమెంత?

సమాధానం: పాత రీళ్లు

నవ్వారన్నది నిజమే. అయితే వారిని నవ్వించినవి ఆ గొంతు పలికిన మాటలు. మూకీలో ప్రణయ సన్నివేశం ఎలా నడిచేదో ఒక్కసారి తలచుకోండి. నాయకుడి పెదవులు కదిలేవి, తెరమీద ఒక చిన్న వాక్యం కనిపించి మాయమయ్యేది, హాల్లో సంగీతం మోగుతూ ఉండేది. ఆయన ఏమన్నాడో, ఏ స్వరంతో అన్నాడో ప్రతి ప్రేక్షకుడూ తన మనసుకు నచ్చినట్టు ఊహించుకునేవాడు. ‘హిజ్ గ్లోరియస్ నైట్’లో ఆ ఊహకు చోటు లేకుండా పోయింది. ఒక హంగేరియన్ నాటకం ఆధారంగా తీసిన ఆ చిత్రంలో సంభాషణలు రంగస్థల ధోరణిలో బరువుగా ఉన్నాయి. గిల్బర్ట్ ప్రతి అక్షరాన్నీ జాగ్రత్తగా ఒత్తి పలుకుతూ, నాయికతో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని వెంటవెంటనే, మళ్లీ మళ్లీ అంటారు. చూపులతో, చేతులతో, నడకతో ప్రేమను తెలిపిన నటుణ్ణి ఒకచోట నిలబెట్టి ఒకే మాటను పదే పదే అనిపిస్తే అది ఎవరి నోట విన్నా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఆ రోజుల్లో ధ్వనిగ్రహణం కూడా నటులకు పెద్ద ఇబ్బందే. కెమెరా మోటారు చప్పుడు వినపడకుండా దాన్ని మూసిన గదిలాంటి పెట్టెలో బిగించేవారు. మైకును పూలకుండీలోనో బల్లమీది దీపం చాటునో దాచేవారు. దానికి రెండడుగులు దూరం జరిగితే మాట అందేది కాదు.

గొంతు గురించిన ప్రచారాన్ని కొట్టిపారేయడానికి ఇంకో గట్టి ఆధారం ఉంది. అంతకు కొన్ని నెలల ముందే, అదే 1929లో, ‘ది హాలీవుడ్ రివ్యూ ఆఫ్ 1929’లో గిల్బర్ట్ నార్మా షియరర్‌తో కలిసి రోమియో జూలియట్‌ల బాల్కనీ ఘట్టాన్ని రంగుల్లో నటించి, మాట్లాడారు. ఆ చిత్రం బాగా ఆడింది. గొంతే లోపమైతే అది అక్కడే బయటపడి ఉండేది.

ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధించేది అదే సంస్థ గార్బో విషయంలో చూపిన శ్రద్ధ. ఆమెది విదేశీ యాస. అందుకని 1930 వరకు ఆమెను టాకీలోకి దింపకుండా ఆగి, ‘అన్నా క్రిస్టీ’లో ఆ యాస సహజంగా అమరే స్వీడిష్ కుటుంబపు స్త్రీ పాత్రను ఎంచుకుని, ‘గార్బో మాట్లాడుతోంది’ అన్న ఒక్క మాటతోనే దేశమంతా ప్రకటనలు గుప్పించారు. అందులో పదోవంతు శ్రద్ధ గిల్బర్ట్ మీద పెట్టి ఉంటే ఈరోజు మనం ఈ చర్చ చేసేవాళ్లం కాదు. 1928లో చిత్రానికి 2,50,000 డాలర్ల చొప్పున ఆయనతో ఒప్పందం కుదిరింది. డబ్బు ముట్టింది గానీ, తగిన పాత్రలు మాత్రం దక్కలేదు. మంచి పాత్ర కోసం ఆయనే స్వయంగా ‘డౌన్‌స్టెయిర్స్’ (1932) కథ రాసుకుని, దాన్ని సంస్థకు ఒక్క డాలరుకు ఇచ్చేశారు. అందులో ఆయన పోషించిన నీచుడైన డ్రైవరు పాత్రను చూడండి, గొంతును ఎంత సునాయాసంగా వాడుకున్నారో తెలుస్తుంది.

సమాధానం: నిశ్శబ్దరాగం

మేయర్ సంగతి నేను చెబుతాను. 1926 సెప్టెంబర్ 8న దర్శకుడు కింగ్ విడార్, నటి ఎలినార్ బోర్డ్‌మన్‌ల పెళ్లి జరిగింది. అదే ముహూర్తానికి గిల్బర్ట్, గార్బో కూడా పెళ్లాడవలసి ఉండగా ఆమె రాలేదనీ, మేయర్ ఏదో మోటుగా అన్నాడనీ, గిల్బర్ట్ అతని మీద చెయ్యి చేసుకున్నాడనీ, అప్పుడే మేయర్ ‘నిన్ను సర్వనాశనం చేస్తాను’ అని శపథం చేశాడనీ చెబుతారు. ఈ కథ ప్రధానంగా బోర్డ్‌మన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పినదాని మీదే నిలబడి ఉంది. తర్వాతివారు దానికి చిలవలు పలవలు చేర్చారు. ఇద్దరికీ పడదన్నది వాస్తవం. రికార్డింగులో కావాలని గొంతు సన్నం చేశారన్నది మాత్రం పుక్కిటి పురాణమే.

కీచుగొంతు కథ ఇంతగా పాతుకుపోవడానికి 1952 నాటి ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ కూడా కొంత కారణమని నా అభిప్రాయం. అందులో నాయకుడు ప్రేమిస్తున్నానంటూ పదే పదే చెబుతుంటే ప్రేక్షకులు నవ్వే ఘట్టం గిల్బర్ట్ అనుభవాన్ని గుర్తుచేస్తుంది. కీచుగొంతు మాత్రం ఆ చిత్రంలో అతని సరసన నటించే మూకీ తార పాత్రది. జనం జ్ఞాపకంలో ఆ రెండూ కలిసిపోయాయి.

సమాధానం: కార్బన్ వెలుగు

పై ఇద్దరి మాటలతో నేను ఏకీభవిస్తాను. కాకపోతే, ఆయన గురించిన మాట ఎప్పుడూ పతనం దగ్గరే మొదలై పతనం దగ్గరే ఆగిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. ‘ది బిగ్ పరేడ్’ (1925) చూడండి. సైనికులు యుద్ధరంగానికి తరలిపోయే ఘట్టంలో ఫ్రెంచి పల్లెపడుచుగా నటించిన రెనే అడోరే ఆయనను వదలలేక, కదిలే ట్రక్కును పట్టుకుని వేలాడుతుంది. పట్టు జారిపోయాక ఆయన ఆమెకోసం చేతి గడియారం విసురుతారు, చివరికి కాలి బూటు కూడా తీసి విసురుతారు. వాహనాలన్నీ వెళ్లిపోయాక దుమ్ములో ఆమె ఒక్కతే ఆ బూటును గుండెకు హత్తుకుని మిగిలిపోతుంది. ఆ పాత్రకు ఆయన ముఖానికి రంగు కూడా వేసుకోలేదు.

‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’ (1926)లో రాత్రి తోటలో గార్బో ఎదుట సిగరెట్టు కోసం ఆయన అగ్గిపుల్ల గీసినప్పుడు ఇద్దరి ముఖాలూ వెలుగుతాయి. అగ్గిపుల్ల వెలుగు ఫిల్ముకు చాలదని ఛాయాగ్రాహకుడు విలియం డానియల్స్ గిల్బర్ట్ అరచేతిలో సన్నని కార్బన్ కడ్డీల దీపాన్ని దాచారు. చేతిలో దీపం పట్టుకుని, అది ఉన్నట్టు తెలియనివ్వకుండా, ఆమెనే చూస్తూ నటించడం సామాన్యమైన పని కాదు.

‘క్వీన్ క్రిస్టినా’ పాత్రకు ముందు లారెన్స్ ఒలివియేను తీసుకున్నారు. గార్బో పట్టుబట్టడంతో ఆ పాత్ర గిల్బర్ట్‌కు వచ్చింది. అప్పటికే తాగుడు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1936 జనవరి 9న గుండెపోటుతో 38 ఏళ్లకే కన్నుమూశారు.

ప్రశ్న అడిగినవారు: వెండితెర పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కార్బన్ వెలుగు గారి సమాధానం చదివాక ఆ తోట ఘట్టాన్ని వెతికి చూశాను. అగ్గిపుల్ల ఆరిపోయేలోపు ఆయన రెప్ప కూడా వేయలేదు. ‘డౌన్‌స్టెయిర్స్’ చూశాక మళ్లీ ఇక్కడే రాస్తాను.