పజిల్ ముక్కకు రంగులేస్తే ఆటిజం అర్థమవుతుందా?

రెండో తరగతి టీచర్:
ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం కదా. ఆటిజానికి గుర్తుగా వాడే పజిల్ ముక్క తలా ఒకటి ఇచ్చి రంగులేయించి, అన్నీ కలిపి గోడకు అంటిద్దామనుకుంటున్నాను. ఏడేళ్ల పిల్లలకు ఉపన్యాసం ఎక్కదు, బొమ్మ ఎక్కుతుంది. ఏమంటారు?

ఒక తల్లి:
బొమ్మలు వేయించండి, పజిల్ మాత్రం వద్దండీ. 1963లో బ్రిటన్‌లో ఆ గుర్తు పుట్టినప్పుడు ముక్క మీద ఏడుస్తున్న పిల్లవాడి బొమ్మ ఉండేది. మావాడు చిక్కుముడి కాదు, ముక్క తగ్గినవాడూ కాదు. పోయినేడు బడిలో ఇలాంటి పోస్టరే పెట్టి, వాణ్ణి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. అప్పట్నుంచి తోటిపిల్లలు వాడితో చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు.

డ్రాయింగ్ మాస్టారు:
గుర్తు మారిస్తే సరి. అడ్డంగా పడుకోబెట్టిన 8కి ఇంద్రధనుస్సు రంగులేయించండి, ఇప్పుడు చాలామంది అదే వాడుతున్నారు. ఆటిజం ఉన్న బ్రిటన్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్ బొమ్మలూ చూపించండి. 2005లో హెలికాప్టర్‌లో కాసేపు తిరిగొచ్చి, టోక్యో నగరాన్ని 10 మీటర్ల కాన్వాస్ మీద జ్ఞాపకంతోనే గీశారాయన.

ఆటిజం ఉన్నవాణ్ణి:
అక్కడే నా పేచీ, మాస్టారూ. ఆయన్ని చూపించాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "మరి నువ్వేం గీస్తావ్?" నాకు తిన్నగా గీత గీయడమే రాదు. డ్రాయింగ్ పీరియడంటే టెన్షన్. వేలికి జిగురు అంటుకుని బిగుస్తుంటే టీచర్ మాట కూడా చెవికెక్కేది కాదు. మొండితనం అనేవారు. (ఇప్పటికీ కవరు అంటించాలంటే పక్కవాళ్లకిస్తాను.) 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం స్పర్శనో చప్పుడునో తట్టుకోలేని ఇలాంటి ఇబ్బందుల్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అందుకే నా బొమ్మ వేయించకండి. క్లాసులో ఏ చప్పుడు గుచ్చుకుంటుందో, దాని గీత ఎలా ఉంటుందో ఎవరిది వాళ్లను గీయమనండి. ఒకరు ఫ్యాన్ గీస్తారు, ఒకరు కుర్చీ కీచుమనడం. ఒకరు ఏమీ గీయరు, అదీ సరే.

టీచర్:
"అయితే మనందరికీ కొంచెం ఆటిజమే" అనుకుంటే?

ఆటిజం ఉన్నవాణ్ణి:
అనుకుంటారు. కాదని చెప్పాల్సింది మీరు. మీకు చికాకు పుట్టించే చప్పుడుకే కొందరు గదిలో ఉండలేరని చెప్పండి. ఆటిజం అన్న మాట మాత్రం దాచకండి.

ఒక తల్లి:
అలాంటి బిడ్డ మీ క్లాసులో ఉంటే ముందు ఇంట్లోవాళ్లనూ, ఆ బిడ్డనూ అడగండి.

టీచర్:
అడుగుతాను. 32 ముక్కలు కత్తిరించేశాను మరి. వెనకవైపు తెల్లగానే ఉంది, చప్పుళ్లు దాని మీదే గీయిస్తా. జిగురు బదులు పిన్నులు.

ఒక తల్లి:
ఆ అంచులు కూడా కత్తిరించేయండి టీచర్ గారూ, ఆకారం అదేగా!