కొత్త సాన రాయి పక్కకి ఊగుతోంది, డ్రెస్సింగ్ చేసినా తగ్గట్లేదు

చిత్రిక_ఉలి:
8 అంగుళాల బెంచ్ గ్రైండర్, 2850 ఆర్‌పీఎం. ఉలులు, చిత్రిక బ్లేళ్లు పట్టడానికి 60 గ్రిట్ (గరుకు నంబరు) తెల్ల రాయి ఎక్కించాను. రాయి బోరు (మధ్య రంధ్రం) 31.75 మి.మీ., షాఫ్ట్ 15.88, మధ్యలో సందు నింపే ప్లాస్టిక్ బుష్‌లు. స్టార్ డ్రెస్సర్ (రాయి ముఖాన్ని గీకి సాపు చేసే పళ్ల చక్రాల పనిముట్టు) పట్టాక దడ కొంత తగ్గింది గానీ, అంచు దగ్గర పక్కకి మిల్లీమీటరు దాకా ఊగుతోంది. షాఫ్ట్ వంగిందా? ఇంకాస్త డ్రెస్సింగ్ చేస్తే పోతుందా?

టూల్‌రూమ్:
పోదండీ. డ్రెస్సింగ్ తీసేది చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలనే. రాయి వాలుగా కూర్చుంటే ఎంత గీకినా వాలుగానే తిరుగుతుంది.

ప్లగ్ పీకేసి షాఫ్ట్ కొస, లోపలి ఫ్లాంజ్ (రాయిని పక్కనుంచి నొక్కిపట్టే బిళ్ల), రాయి మూడింటి మీదా ఒకే వరసలో సుద్దగీత పెట్టండి. చేత్తో తిప్పుతూ బాగా బయటికొస్తున్న చోటు గుర్తించండి. నట్ వదులు చేసి (ఎడమవైపు నట్‌ది ఎడమ మర, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది) రాయిని మాత్రం అరచుట్టు తిప్పి బిగించండి. ఎత్తు రాయితోపాటు వస్తే తేడా రాయిదో బుష్‌దో. షాఫ్ట్ గీతకి ఎప్పటిలాగే ఉంటే ఫ్లాంజ్‌దో షాఫ్ట్‌దో. అప్పుడు ఫ్లాంజ్‌ని అరచుట్టు తిప్పి చూడండి.

డయల్ గేజ్ (సన్న తేడాలు ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే, షాఫ్ట్ మీద 0.03 మి.మీ. లోపు చూపిస్తే దాని జోలికి పోనక్కర్లేదు. రేకు ఫ్లాంజ్‌లే ఎక్కువగా దొంగలు. 70 మి.మీ. ఫ్లాంజ్ అంచున 0.35 తేడా ఉంటే చాలు, 200 మి.మీ. రాయి అంచున అది మిల్లీమీటరు అవుతుంది.

మరచుట్టు:
బుష్ కూడా చూడండి. దాని అంచు రాయి పక్క కంటే వెంట్రుకవాసి బయటికున్నా ఫ్లాంజ్ రాయిని కాక బుష్‌ని నొక్కుతుంది. గాజు మీద ఎమరీ పేపర్ పరిచి, రాయి మందం కంటే కొంచెం తక్కువయ్యేదాకా అరగదీయండి. రాయికి రెండు పక్కలా అట్ట వాషర్లు ఉండాల్సిందే.

ఫ్లాంజ్ మీద ఒకపక్క మాస్కింగ్ టేప్ ముక్క అంటించినా ఊగడం తగ్గుతుంది.

టూల్‌రూమ్:
ఆ టేప్ పని వద్దు. ఒత్తిడంతా ఒక్కచోటే పడి రాయి పగలొచ్చు. షాఫ్ట్ మెట్టు మీద బర్ (పైకి లేచిన లోహపు అంచు) ఉంటే సన్న ఆకురాయితో తీయండి. ఫ్లాంజ్‌ది తప్పయితే లేత్ దగ్గర బోరు, ముఖం ఒకే పట్టులో (మధ్యలో విప్పి మళ్లీ బిగించకుండా) తిప్పించండి. రెండు ఫ్లాంజ్‌లూ ఒకే సైజులో, రాయి వ్యాసంలో మూడో వంతుకి తగ్గకుండా ఉండాలి, అంటే మీ రాయికి 67 మి.మీ.

రాయి తిరిగి ఎక్కించే ముందు స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనాలి, మొద్దుగా పలికితే పారేయండి. నట్ రాయి జారనంత బిగిస్తే చాలు, బలం చూపిస్తే రేకు ఫ్లాంజ్ వంగిపోతుంది. గార్డు పెట్టి, పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

డ్రెస్సింగ్ అప్పుడు చేయండి. వజ్రపు మొన డ్రెస్సర్ అయితే ఒక్కో విడతకి 0.02 మి.మీ. మించకుండా, చప్పుడు చుట్టంతా ఒకేలా వినిపించేదాకా. ఆ తర్వాత టూల్ రెస్ట్ సందు 3 మి.మీ. లోపుకి తెచ్చుకోండి.