విజిటింగ్ కార్డు మీద వేయడానికి ఫేస్‌బుక్, ఇన్‌స్టా లింకులు ఎక్కడ దొరుకుతాయి?

తెనాలి_అబ్బాయి:
అందరికీ నమస్తే అండి. మా చెల్లి మంగళగిరిలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది, ఎక్కువగా పట్టు బ్లౌజులు, లంగా ఓణీలు. ఇన్నాళ్ళూ తెలిసినవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని వచ్చిన ఆర్డర్లే, ఇప్పుడు శ్రావణ మాసం వస్తుంది కదా, వరలక్ష్మీ వ్రతాలు పెళ్ళిళ్ళు అన్నీ ఉంటాయి అని విజిటింగ్ కార్డులు కొట్టిద్దాం అనుకున్నాం. ప్రింటింగ్ షాపతను ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడు లింకులూ పంపమన్నాడు. చెల్లేమో నా పేరు కొడితే వస్తుంది కదా అన్నయ్యా అంటుంది, కొట్టి చూస్తే అదే పేరుతో బోలెడుమంది, డీపీలో దేవుడి ఫొటోలే ఎక్కువ, ఎవరు ఎవరో తెలీట్లేదు. ఫేస్‌బుక్‌లో వెతికి వెతికి ఒక లింక్ కాపీ చేశా, అది ప్రొఫైల్ డాట్ పీహెచ్‌పీ అని వచ్చి చివర ఇంత పొడుగు నంబరు ఉంది. ఇన్‌స్టాది పేరు దాకా బానే ఉంది గానీ ఆ తర్వాత ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ఏవేవో అక్షరాలు. ఇవన్నీ కార్డు మీద కొడితే చూసి టైప్ చేసేవాళ్ళు ఎవరండి? చిన్నగా వచ్చే దారి ఏమైనా ఉందా? ఇంకోటి, చెల్లి ఫేస్‌బుక్ ప్రొఫైల్ లాక్ చేసుంటుంది, పిల్లల ఫొటోలు ఉన్నాయని. లాక్ ఉంటే లింక్ పనిచేస్తుందా?

బెజవాడ_డీటీపీ:
నేను విజయవాడలో డీటీపీ పనే చేస్తానండి, కార్డులు, శుభలేఖలు, ఫ్లెక్సీలు. ఈ ప్రశ్న మా షాపులో రోజూ వస్తది కాబట్టి వివరంగా చెప్తా.

ఫేస్‌బుక్‌లో నంబరు లింక్ వచ్చిందంటే ఆ అకౌంటుకి యూజర్‌నేమ్ పెట్టుకోలేదని అర్థం. 2009 నుంచీ ఉన్న సదుపాయమే, చాలామంది పట్టించుకోరు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో ప్రొఫైల్స్, అక్కడ చెల్లి పేరు నొక్కితే యూజర్‌నేమ్ కనిపిస్తది. ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, చుక్క మాత్రమే తీసుకుంటది, కనీసం 5 అక్షరాలు ఉండాలి. చుక్క పెట్టినా పెట్టకపోయినా దానికి ఒకటే పేరు, అందుకని ఎవరన్నా ఆ పేరు ముందే తీసేసుకుంటే మధ్యలో చుక్క పెట్టి సంపాదిద్దామంటే కుదరదు. అది సెట్ అయ్యాక లింక్ అంటే ఫేస్‌బుక్ డాట్ కామ్, స్లాష్, ఆ పేరు. అంతే. మళ్ళీ కావాలంటే ప్రొఫైల్‌లో ఎడిట్ ప్రొఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి కిందికి వెళ్తే మీ ప్రొఫైల్ లింక్ అని ఉంటది, కాపీ కొట్టుకోవచ్చు.

ఇన్‌స్టాలో ఆ ప్రశ్నార్థకం గుర్తు, దాని తర్వాత ఉన్నదంతా తీసేయండి, లింక్ ఏం పాడవదు. ఎవరు షేర్ చేసిన లింక్ మీద నొక్కి వచ్చారో వాళ్ళు తెలుసుకోడానికి తగిలించే తోక అది. యూట్యూబ్ షేర్ లింకుల్లో కూడా అలాంటి తోకే వస్తది, అదీ కత్తిరించొచ్చు.

ప్రింటింగ్‌లో నేను చూసే అసలు గొడవ వేరే ఉంది. పేరులో అండర్‌స్కోర్, అంటే అక్షరాల మధ్య కిందగా వచ్చే గీత గుర్తు, ఉందనుకోండి, డిజైన్ చేసేవాళ్ళు లింక్ కింద గీత గీస్తే ఆ అండర్‌స్కోర్ అందులో కలిసిపోతది, చూసేవాళ్ళకి అక్కడ ఖాళీ ఉన్నట్టు కనపడతది. స్టైల్ ఫాంటు వేస్తే అంకె ఒకటీ చిన్న ఎల్లూ ఒకేలా ఉంటాయి, సున్నా ఓ కూడా అంతే. అందుకే లింకులకి సాదా ఫాంటు వేయమని చెప్పండి, గీత వద్దనండి, ప్రూఫ్, అంటే ప్రింట్ చేసే ముందు చూపించే నమూనా, పంపినప్పుడు కార్డు మీద ఉన్నది చూసి ఒక్కో అక్షరం ఫోన్లో టైప్ చేసి తెరవండి. వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కి చూస్తే చాలదు, కార్డు మీద ఉన్నదే కొట్టాలి.

గోదారి_పచ్చళ్ళు:
తమ్ముడూ, నాది రాజమండ్రి దగ్గర, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. లాక్ సంగతి నేను చెప్తాను. లాక్ ఉన్నా లింక్ తెరుచుకుంటుంది, కానీ ఫ్రెండ్స్ కానివాళ్ళకి లోపల ఏమీ కనపడదు, ఫొటో కూడా పెద్దది చేసి చూడలేరు. 2020లో ఆ లాక్‌ని మన దేశంలో పెట్టారు, ఆడవాళ్ళ ఫొటోల భయం వల్లే. మీ చెల్లి అది తీయొద్దు, చచ్చినా తీయొద్దు. కస్టమర్ల కోసం పిల్లల ఫొటోలు బయటపెట్టాల్సిన అవసరం ఏం వచ్చింది? అదే అకౌంట్‌లోంచి షాపు పేరుతో ఒక పేజీ చేసుకోమను, మగ్గం పనివి మాత్రమే అందులో పెట్టమను, కార్డు మీద ఆ పేజీ లింకే వేయించు. పేజీకి కూడా యూజర్‌నేమ్ ఇస్తారు, కాబట్టి పైన ఆయన చెప్పినట్టు చిన్నగానే వస్తుంది. ఇన్‌స్టా కూడా ప్రైవేట్‌లో ఉంటే కొత్తవాళ్ళకి పేరూ ఫొటో తప్ప డిజైన్లు కనపడవు, అందుకని దానికీ వేరే అకౌంట్ తెరవడం మంచిది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండిట్లో ఒకే పేరు దొరికేలా చూసుకోండి. ముందు ఇన్‌స్టాలో దొరికిందా చూసి తర్వాత ఫేస్‌బుక్‌లో పెట్టండి, ఇన్‌స్టాలోనే పేర్లు త్వరగా అయిపోతాయి. కార్డులు కొట్టించాక పేరు మాత్రం మార్చొద్దు. ఇన్‌స్టాలో మార్చినా పాత పేరు మామూలుగా 14 రోజుల దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత అది ఇంకెవరికైనా పోవచ్చు, మీ కార్డు పట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళ దగ్గరికి పోతారు.

వాట్సాప్‌కి డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ పెట్టి 91, ఆ వెంటనే పది అంకెల నంబరు. ప్లస్ వద్దు, ముందు సున్నా వద్దు, ఖాళీలు వద్దు. నంబరు సేవ్ చేసుకోకుండానే చాట్ తెరుచుకుంటుంది. ఆ లింక్‌లో నంబరు అందరికీ కనపడుతుంది కాబట్టి ఇంటి నంబరు కాకుండా వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టమని నా సలహా. రాత్రి పన్నెండుకి ఫోన్లు చేసేవాళ్ళు ఉంటారు నాయనా, ఆ సిమ్ ఆపేసి హాయిగా పడుకోవచ్చు.

పేజీ తెరిచిన కొత్తలో మీ పేజీ తీసేస్తున్నాం, ఈ లింక్ నొక్కి వెరిఫై చేయండి అని మెసేజులు వస్తాయి, కంపెనీ లోగో కూడా ఉంటుంది. దొంగ మెసేజులు. ముట్టుకోవద్దని చెల్లికి ముందే చెప్పి ఉంచు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కూడా.

అమీర్‌పేట్_ట్రైనర్:
ప్రశ్నకి కొంచెం పక్కదే గానీ ఉద్యోగాలు వెతికే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. నా దగ్గరికి వచ్చే రెజ్యూమెల్లో లింక్డిన్ (ఉద్యోగాలకి వాడే సైట్) లింక్ నొక్కితే చాలాసార్లు నా ఫీడే, అంటే నాకు కనపడే పోస్టుల పేజీయే తెరుచుకుంటుంది, ఎందుకంటే వాళ్ళు హోమ్ పేజీలో ఉండి పైనున్న అడ్రస్ కాపీ చేస్తారు. ఇంకొందరు చివర ఇంగ్లీష్‌లో ఇన్ స్లాష్ మీ (in/me) అని ఉన్నది పంపుతారు, అది ఎవరు తెరిస్తే వాళ్ళ సొంత ప్రొఫైల్‌కే తీసుకెళ్తుంది. కంపెనీవాళ్ళకి రెండోసారి అడిగే ఓపిక ఉండదు, మంచి పిల్లలు కూడా దీనివల్ల పక్కకి పోతారు, అదే నాకు బాధ. కంప్యూటర్లో ప్రొఫైల్ తెరిస్తే కుడివైపు పబ్లిక్ ప్రొఫైల్ అండ్ యూఆర్ఎల్ అని ఉంటుంది, అక్కడ పెన్సిల్ గుర్తు నొక్కి పేరు చివరున్న అంకెలు తీసేసి శుభ్రంగా పెట్టుకోవచ్చు, ఖాళీలు మాత్రం తీసుకోదు.

తమ్ముడూ, మీ లింకులు కూడా మీ ఫోన్లో కాకుండా ఆ అకౌంట్‌తో ఫ్రెండ్‌షిప్ లేనివాళ్ళ ఫోన్లో తెరిచి చూడండి. మన ఫోన్లో మనం లాగిన్ అయ్యే ఉంటాం కాబట్టి అన్నీ బానే కనిపిస్తాయి.

తెనాలి_అబ్బాయి:
అక్కా, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. చెల్లితో కూర్చుని పేజీ చేశాం, పేరు రెండిట్లో ఒకటే దొరికింది, అండర్‌స్కోర్ లేకుండా. వాట్సాప్‌కి కొత్త సిమ్ తీసుకుంటానంది. ప్రింటింగ్ అతను ఇప్పుడు మూడు లింకుల బదులు క్యూఆర్ కోడ్ వేద్దాం అంటున్నాడు, ఏదో సైట్‌లో ఫ్రీగా చేస్తాడంట. వేయించమంటారా?

బెజవాడ_డీటీపీ:
క్యూఆర్ వేయించండి గానీ ఆ ఫ్రీ సైట్‌ది వద్దు తమ్ముడూ. కొన్ని సైట్లు తమ లింక్ మీదుగా తిప్పి పంపేలా కోడ్ చేస్తాయి, ట్రయల్ అయిపోగానే డబ్బులు కట్టమంటాయి, కట్టకపోతే కార్డుల మీద కోడ్ మొత్తం చచ్చినట్టే. ఇన్‌స్టాలో షేర్ ప్రొఫైల్ నొక్కితే వాళ్ళ సొంత క్యూఆర్ వస్తది, అది సేవ్ చేసి ఇవ్వండి. వాట్సాప్‌లో కూడా సెట్టింగ్స్‌లో పేరు పక్కనే క్యూఆర్ గుర్తు ఉంటది, అయితే అక్కడ రీసెట్ అని ఒకటి ఉంది, అది నొక్కితే పాత కోడ్ పనిచేయదు, చెల్లికి చూపించి చెప్పండి. కోడ్ చుట్టూ తెల్ల ఖాళీ వదలమనండి, బంగారు రంగు మీద బంగారు రంగు కోడ్ వేస్తే ఫోన్ పట్టదు. పక్కన పేరు మాత్రం అక్షరాల్లో ఉండాల్సిందే, స్కాన్ చేయడం రాని పెద్దవాళ్ళు మీ కస్టమర్లలో చాలామంది ఉంటారు.