వెస్ట్ కెన్నెట్ సమాధి దిబ్బ: తవ్వి తీసిన ఎముకలను తిరిగి పూడ్చిపెట్టాలా?

శిలాయాత్రికుడు: ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో సుమారు 100 మీటర్ల పొడవున్న ఈ నవీన శిలాయుగపు దిబ్బకు 1882 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టపు తొలి జాబితాలోనే చోటు దక్కింది. దగ్గరలోని విండ్‌మిల్ హిల్‌లో దొరికి, ఏవ్‌బరీ మ్యూజియంలో ఉన్న పసిబిడ్డ అస్థిపంజరాన్ని మళ్లీ పూడ్చాలని ప్రాచీన బ్రిటన్ మతాన్ని పాటిస్తామనే నేటి డ్రూయిడ్లు 2006లో కోరగా, 2010లో అధికారులు నిరాకరించారు. అది సరైన నిర్ణయమే. వెస్ట్ కెన్నెట్ దిబ్బలోని రాతి గదుల్లో కనీసం 36 మంది ఎముకలు దొరికాయి. వాటిని అక్కడ పెట్టినవారే తర్వాత కదిపి, కలగలిపి, కొన్ని పుర్రెలను బయటికి తీసుకుపోయారు. సమాధిని తాకరాదన్న నియమం మనం పెట్టుకున్నదే.

మెట్టపొలం: పుర్రెలు వారే తీసుకుపోయారని ఎలా చెప్పగలరు? 1859లో ఆ దిబ్బను తవ్విన థర్నమ్ పట్టుకుపోయి ఉండవచ్చు కదా?

శిలాయాత్రికుడు: థర్నమ్ తవ్వింది పడమటి గదినే. నాలుగు పక్కగదులను 1955-56లో పురావస్తు శాస్త్రవేత్తలు పిగట్, అట్కిన్సన్ బయటపెట్టారు. పుర్రెల లోటు వాటిలోనూ ఉంది.

మెట్టపొలం: అయినా నాకు నమ్మకం కుదరలేదు.

కృష్ణాతీరం: పుర్రెల లెక్క ఆపండి, మహాప్రభో. ఇంగ్లండులోనే ఇలాంటి మరో సమాధి దిబ్బ హేజల్టన్ నార్త్‌లో జన్యుపరీక్ష చేసిన 35 మందిలో 27 మంది ఒకే వంశపు ఐదు తరాలవారని 2021లో తేలింది. అంటే అది ఒక ఇంటివారి శ్మశానం.

శిలాయాత్రికుడు: హేజల్టన్‌లో 1979-82 తవ్వకం ముగియగానే ఎముకలను పూడ్చివేసి ఉంటే ఆ సంగతి తేలేదే కాదు. పైగా క్రీ.పూ. 2450 తర్వాత కొన్ని శతాబ్దాల్లోనే బ్రిటన్ జన్యువారసత్వంలో సుమారు 90 శాతం కొత్తగా వచ్చినవారిదైపోయింది. మరి ఈ డ్రూయిడ్లు ఏ వరుసన అడుగుతున్నట్లు?

మెట్టపొలం: మా తాతగారి సమాధి జలాశయంలో మునిగిపోతుందని, ఎముకలు తీసుకోవడానికి గడువు అడిగితే, ఆయన మనవడినేనని రుజువు తెమ్మన్నారు. మీరు జన్యువులనగానే నాకు ఆ కార్యాలయమే గుర్తుకొస్తోంది.

శిలాయాత్రికుడు: మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ కోపాన్ని ఐదున్నర వేల ఏళ్ల నాటి ఎముకల మీద రుద్దకండి. అక్కడ అడగడానికి మనవడు లేడు.

మెట్టపొలం: రుద్దుతున్నది మీరు. వారసులు లేరు కాబట్టి అవి మ్యూజియానివని మీరంటున్నారు, వారసులు లేనంత మాత్రాన అవి ఎవరి సొత్తూ కావని నేనంటున్నాను. మన తగవంతా ఇక్కడే ఉంది, పుర్రెల దగ్గర కాదు.

శిలాయాత్రికుడు: ఎవరి సొత్తూ కానివాటిని ఎవరు పూడ్చాలి?

మెట్టపొలం: తవ్వినవారే పూడ్చాలి. ఖర్చు కూడా వారే పెట్టుకోవాలి.